ఇసుక కింద గరిక: బంకర్లకు గడ్డి పరిచిన నా అనుభవం

రాత్రి వాన గట్టిగా కురిస్తే నాకు నిద్ర పట్టేది కాదు. తెల్లారి ఐదున్నరకల్లా మా గోల్ఫ్ కోర్సులో ఏడో గ్రీన్ పక్కనున్న పెద్ద బంకరు దగ్గరికి వెళ్లిపోయేవాణ్ణి. ముందురోజు సాయంత్రం రేక్ గీతలతో నున్నగా వదిలిన ఇసుక పొద్దుటికి అడుగున కుప్పపడి ఉండేది. వాలు మీద ఎర్రమట్టి తేలి, నీళ్లు కోసిన చాళ్లు కనిపించేవి. అడుగున చీలమండలు మునిగేంత ఎర్రనీళ్లు.

గోల్ఫ్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. బంకరు అంటే ఆటగాడికి కష్టం కావాలని తవ్వి, ఇసుక నింపిన గుంట. గ్రీన్ అంటే బంతి పడాల్సిన హోల్ చుట్టూ పొట్టిగా కోసిన పచ్చిక. గ్రీన్ వైపు బంకరు గోడ నిటారుగా లేస్తుంది. ఆ వాలు మీద కూడా ఇసుక నిలవాలి. అడుగున నాలుగు నుంచి ఆరు అంగుళాలు, వాలు మీద రెండు నుంచి నాలుగు అంగుళాల ఇసుక ఉంటుంది. దాని కింద ఉండేది మన నేలే. మాది ఎర్ర చల్కా, అడుగు లోతు తవ్వితే మొరం. వాన వాలు మీది ఇసుకను కిందికి ఈడ్చినప్పుడల్లా కింది మట్టి కూడా కొంత కలిసి వస్తుంది. ఆ మట్టిలోని మెత్తటి ఒండ్రు ఇసుక రేణువుల సందుల్లో చేరిందంటే ఇక నీళ్లు దిగవు. బంకరు ఇసుకలో ఒండ్రు, బంకమట్టి కలిపి నూటికి మూడు పాళ్లు మించకూడదంటారు. మా దగ్గర రెండు వానాకాలాలు గడిస్తే ఇసుక రంగే మారిపోయేది. ఎండాకాలంలో అదే ఇసుక గట్టిపడి సిమెంటు గచ్చులా తగిలేది.

నేను హైదరాబాద్ శివార్లలోని ఒక పద్దెనిమిది హోళ్ల కోర్సులో అసిస్టెంట్ సూపరింటెండెంటుని. పుట్టింది నల్లగొండ జిల్లాలో, పత్తి, కంది వేసే ఇంట్లో. ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇసుక ఎత్తిపోత. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ తొమ్మిది మంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు పారలు, తట్టలు పట్టుకొని రెండు రోజులు అదే పని చేసేవాళ్లు. తడి ఇసుక బరువు మోసినవాళ్లకే తెలుస్తుంది. కింద నుంచి పైకి ఎత్తిపోయాలి, వాలు మీద కాళ్లు జారుతుంటాయి. వాళ్లు ఎత్తిపోసిన ఇసుక మూడో రోజు మళ్లీ వాన పడితే మళ్లీ కిందే. మా గుంపులో పెద్దావిడ ఒకామె ఉంది, అందరం అక్కా అని పిలుస్తాం. నడుం పట్టుకొని లేస్తూ, "సారూ, ఇది ఎత్తిపోసుడు కాదు, నీళ్లను జల్లెడల పట్టుడు" అంది ఒకసారి. ఆ మాట నా మనసులోంచి పోలేదు.

అంతకుముందు వేసిన అస్తరు లేక కాదు. ఇసుకకీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపే సింథటిక్ గుడ్డ) పరిచి యూ ఆకారపు మేకులతో బిగించారు. కొత్తలో బాగానే పనిచేసింది. కానీ వాలు మీద ఇసుక పలచబడ్డ చోట రేక్ పళ్లు గుడ్డకి తగులుకునేవి. ఒక్కసారి పైకి లేచిన గుడ్డ మళ్లీ సరిగా కూర్చోదు. దాని మీద ఇసుక ఇంకా తొందరగా జారిపోతుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ని ముంచిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మర్నాడు మా బంకర్లలో గుడ్డ పేలికలుగా బయటికి వచ్చేసింది, మేకులు పైకి తేలాయి. బంతి కింద గుడ్డ ఉందని తెలియక ఎవరైనా బలంగా క్లబ్ తిప్పితే మణికట్టు ఏమవుతుంది? నాకు అదే టెన్షన్. వారం రోజులు చేత్తో మేకులు ఏరించాం.

తర్వాత మిగతా దారులు చూశాను. చిన్న కంకర పరిచి పైన పాలిమర్ పోసి అతికించే పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో అగస్టా నేషనల్ కోర్సుకు సూపరింటెండెంటుగా చేసిన బిల్లీ ఫుల్లర్ ఆలోచన నుంచి వచ్చినది. స్వీడన్ నుంచి వచ్చిన క్యాపిలరీ కాంక్రీట్ ఇంకొకటి, నీళ్లు దిగే కాంక్రీటును గుంటంతా పరుస్తారు. రెండూ మంచివే, సందేహం లేదు. మాకున్న అరవై పైచిలుకు బంకర్లకు ఖర్చు లెక్క వేసి కమిటీ ముందు పెడితే కాగితం అదే రోజు వెనక్కి వచ్చింది.

గడ్డి మాట ఒక శిక్షణ తరగతిలో విన్నాను. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 112 బంకర్లున్నాయి. వాటి గోడలను పచ్చిక పలకలు ఒకదాని మీద ఒకటి ఇటుకల్లా పేర్చి కడతారు, కొన్నేళ్లకోసారి విప్పి మళ్లీ కడతారు. అది కంటికి కనిపించే గోడ. మాకు చెప్పింది వేరు: కొన్ని కోర్సుల్లో పచ్చికను వేళ్లతో సహా కోసి ఇసుక కిందే పరిచేస్తున్నారట. గడ్డి చచ్చిపోయాక మిగిలే పీచు మట్టిని పైకి రానివ్వదు, వాలు మీద ఇసుకను పట్టి ఉంచుతుంది. రేక్ తగిలితే చిరిగి పైకి లేచేది ఏమీ ఉండదు, మేకులు ఉండవు, కుళ్లితే మట్టిలో కలుస్తుంది. విన్న మరుక్షణం నుంచి నాకు అదే ధ్యాస. మా కోర్సు నిండా ఉన్నది గరికే కదా!

2022 జులైలో ఏడో హోల్ బంకరునే పట్టుకున్నాం. పాత ఇసుక తీసేసి, వాలు సరిచేసి, రఫ్‌లోంచి, అంటే ఆట దారి పక్కన ఎత్తుగా వదిలే గడ్డిలోంచి, గరిక చాపలు కోసి తెచ్చాం. పరిచే పలకలను మా వాళ్లు చాపలనే అంటారు, నేనూ అదే మాట వాడతాను. గడ్డి వైపు కిందికి, వేళ్ల వైపు పైకి పెట్టి పరిచాం. వెలుతురు తగలకపోతే గడ్డి చచ్చిపోతుంది, పైన అయిదు అంగుళాల ఇసుక పడితే ఇక లేవదు అనుకున్నాను. మా పెద్దాయన ఒకాయన, ముప్పై ఏళ్లుగా మైదానం పని చేస్తున్న మనిషి, పక్కనే కూర్చొని చూస్తూ అన్నాడు: "గరిక సావది సారు. దుక్కిల వారం ఎండబెట్టినా, ఒక్క వాన పడితే మళ్ల లేస్తది. ఇసుక దానికి దుప్పటి లెక్క."

ఆయన మాట వినకపోవడం నా తప్పు. రైతు ఇంట్లో పుట్టిన నాకు గరిక సంగతి తెలియక కాదు. మా నాన్న చెలకలో గరిక వేళ్లు ఏరి గట్టు మీద కాదు, బండ మీద ఆరబెట్టేవాడు. గట్టు మీద వేస్తే అక్కడే పట్టేస్తుంది. గరికకు నేల లోపల పాకే దుంపవేళ్లు ఉంటాయి, ప్రతి కణుపు నుంచీ ఒక కొత్త మొక్క వస్తుంది. వాటిలో దాచుకున్న తిండితో వెలుతురు లేకుండా చాలా దూరం పైకి వస్తుంది. పద్దెనిమిదో రోజున ఇసుకలోంచి మొదటి మొలక కనిపించింది. నెల తిరిగేసరికి వాలు మీద పచ్చటి చుక్కలు. చేత్తో పీకితే పైది తెగుతుంది, వేరు కిందే ఉంటుంది. పీకిన ప్రతిచోటా రెండు మొలకలు.

అదొక్కటే కాదు. రఫ్‌లోంచి కోసిన చాపలకు అంగుళం మందాన ఎర్రమట్టి అంటుకొని ఉంది. వేళ్ల వైపు పైకి పెట్టడంతో ఏ మట్టిని ఆపాలని ఇంత పని చేశామో ఆ మట్టినే ఇసుకకు తగిలేలా పరిచినట్టయింది. మూడో పొరపాటు డ్రైన్ మీద జరిగింది. బంకరు అడుగున చేప ముల్లు ఆకారంలో కందకాలు తవ్వి, చిల్లులున్న నాలుగు అంగుళాల పైపు వేసి, చుట్టూ సన్న కంకర నింపుతాం. ఆ కంకర మీదుగా కూడా చాపలు పరిచేశాం. నీళ్లు పైపులోకి దిగాలంటే ముందు ఆ మట్టి చాపలోంచి దిగాలి. ఆగస్టులో ఒక వాన తర్వాత బంకరులో నీళ్లు మూడు రోజులు నిలబడ్డాయి. గుడ్డ ఉన్నప్పుడే నయం అని క్లబ్బు సభ్యులు కొందరు అన్నారు, అది నిజమే. సెప్టెంబరులో మొత్తం తవ్వి పారేశాం.

ఆ సమయంలో చాలామంది ఇక వదిలెయ్యమన్నారు. నాకు వదలబుద్ధి కాలేదు. తవ్వి తీసేటప్పుడు ఒక సంగతి గమనించాను. గడ్డి బతికి ఉన్నా, వాలు మీద ఇసుక మాత్రం జారలేదు. ఆగస్టు వానలన్నిటికీ మిగతా బంకర్లలో గోడలు ఖాళీ అయితే, దీనిలో నేను పోసిన ఇసుక పోసినట్టే ఉంది. గడ్డి పీచు గరుకుగా ఉండి ఇసుకను పట్టేసింది. అంటే ఆలోచన సరైనదే, చేసిన తీరులోనే లోపం.

గరికను పూర్తిగా చంపడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. అందరూ చెప్పే కలుపు మందు గ్లైఫోసేట్. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పిలిపించి కొట్టించవచ్చు, కానీ ఆ బంకరు డ్రైన్ నీళ్లు పోయేది మా చెరువులోకే. అక్కడ నెమళ్లు తిరుగుతాయి, మా వాళ్లు చేతులు కడుక్కునేది ఆ నీళ్లతోనే. నాకు మనసొప్పలేదు. పెద్దాయన దగ్గరికే వెళ్లి, "ఏం చేద్దాం, నువ్వే చెప్పు" అన్నాను. ఆయన నవ్వి ఆకాశం వైపు చూపించాడు. "ఎండ ఉంది గద సారు."

అది సరదాకి అన్న మాట కాదు. నేలను తడిపి, పైన పారదర్శకమైన పాలిథీన్ కప్పి, అంచులు మట్టిలో పూడ్చి ఎండాకాలమంతా వదిలేస్తే లోపలి వేడికి గడ్డి గింజలు, వేళ్లు చచ్చిపోతాయి. నర్సరీ మళ్లలో తెగులు పోవడానికి చేసే పనే ఇది. చాలామంది నల్ల షీటు వేస్తే ఎక్కువ వేడి అనుకుంటారు. నల్లది తాను వేడెక్కుతుంది, కింద నేలకు అంత అందదు. పారదర్శకంగా ఉంటే ఎండ లోపలికి దిగి నేలనే కాలుస్తుంది, వేడి బయటికి పోదు. ఇంకొక అనుకూలం కూడా ఉంది. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నిలువు కర్రకు నీడ పడదు. అంటే ఉత్తరం వైపు తిరిగిన వాలుకు కూడా ఎండ తగులుతుంది. చల్లని దేశాల్లో కుదరనిది మన దగ్గర కుదురుతుంది.

2023 మార్చిలో మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి అయిదు బంకర్లు. వాటిని ఆట నుంచి తప్పించి, చుట్టూ తాడు కట్టాం. మూడు నెలలు మూసెయ్యాలంటే సభ్యులు ఊరుకోరు. మా సూపరింటెండెంటు గారు నా తరఫున కమిటీతో మాట్లాడి ఒప్పించారు. ఆయన ఆ రోజు నిలబడకపోతే ఇదేదీ జరిగేది కాదు.

ముందు పాత ఇసుకంతా తీసి, గుంటను గట్టి నేల దాకా చెక్కాం. వాలులో ఎక్కడా వదులు మట్టి ఉండకూడదు, ఉంటే చాప కింద నీళ్లు దూరి మొత్తం జారుతుంది. మెత్తగా ఉన్నచోట తడిపి దిమ్మిసతో కొట్టాం. పైనుంచి వచ్చే వాన నీళ్లు బంకరులోకి దిగకుండా అంచు చుట్టూ చిన్న గట్టు తీశాం. నా అభిప్రాయంలో ఏ అస్తరు వేసినా సగం పని ఈ గట్టే చేస్తుంది. పక్కనున్న ఫెయిర్‌వే (ఆట సాగే గడ్డి దారి) నీళ్లన్నీ బంకరులోకి పారుతుంటే కాంక్రీటు పోసినా ఇసుక నిలవదు. తర్వాత డ్రైన్లు. కందకాలు శుభ్రం చేసి, కంకర కడిగి వేసి, ట్యాంకరుతో నీళ్లు వదిలి చూశాం. మూడు బంకర్లలో గలగలా పోయాయి. రెండింటిలో పోలేదు, తవ్వి చూస్తే పైపు చివర మొరంతో పూడుకుపోయి ఉంది. ఈ పరీక్ష చెయ్యకుండా ఇసుక పోసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

చాపలు ఎక్కడివి కోయాలన్న దగ్గర పెద్దాయనకీ నాకూ చాలా సేపు చర్చ జరిగింది. కొత్త గడ్డి అందంగా ఉంటుంది కానీ దానిలో పీచు ఉండదు. మాకు కావాల్సింది ముదురుది. ప్రాక్టీసు టీని, అంటే ఆటగాళ్లు బంతులు కొట్టి సాధన చేసే గడ్డి మైదానాన్ని, ఆ ఏడు ఎలాగూ తిరగవేసి కొత్త గడ్డి నాటాలి. అక్కడ ఏళ్ల తరబడి పైపైన ఇసుక చల్లుతూ వచ్చారు. అందువల్ల పైన దట్టమైన పీచు, దాని కింద ఇసుక ఉంది, ఎర్రమట్టి లేదు. ఎవరైనా చెత్త అని ఎత్తిపారేసే గడ్డి అది. మాకు బంగారంలా కనిపించింది. గడ్డి కోసే యంత్రాన్ని అర అంగుళం లోతుకు పెట్టి, అడుగున్నర వెడల్పు పట్టీలుగా కోశాం. కోసిన రోజే పరిచేశాం, ఎండలో ఆరితే అంచులు ముడుచుకుంటాయి.

ఈసారి గడ్డి వైపు పైకి. పీచు ఇసుకకు తగలాలి, వేళ్లు నేలకు తగలాలి. వాలు మీద అడ్డంగా, కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి, గోడ కట్టేటప్పుడు ఇటుకల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చూసినట్టే పేర్చుకుంటూ వచ్చాం. అతుకు దగ్గర వేలు దూరేంత సందు ఉన్నా అక్కడినుంచే మట్టి వస్తుంది. అక్క ఒక్కో అతుకునీ మోకాళ్ల మీద కూర్చొని అరచేత్తో నొక్కి చూసింది. సందు ఉన్నచోట సన్న ముక్క కోసి దూర్చింది. ఇనప మేకులు వద్దనుకున్నాం, వెదురు బద్దలను జానెడు ముక్కలుగా చెక్కి దిగ్గొట్టాం. అవీ కుళ్లిపోతాయి, ఎవరి చేతికీ కాలికీ గుచ్చుకోవు. కంకర కందకాల మీద మాత్రం చాప వెయ్యలేదు. రెండు పక్కలా అంచు దాకా పరిచి కందకాన్ని తెరిచే ఉంచాం. కిందటేడు నీళ్లు నిలబడ్డ ఆ మూడు రోజులు నేను మర్చిపోలేదు.

బాగా తడిపి, ఏప్రిల్ మొదటి వారంలో పాలిథీన్ కప్పాం. వారానికే లోపల ఆవిరి పట్టి, గడ్డి ముందు మరింత పచ్చగా ఎదిగింది. చూసి గుండె గుభేలుమంది. పెద్దాయన మాత్రం కంగారు పడలేదు. రెండు వారాలకు పసుపు తిరిగింది. నేల ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు రెండు అంగుళాల లోతుకు గుచ్చితే మధ్యాహ్నం రెండింటికి 53 డిగ్రీలు. ఆ అంకె చూసి చాలా సంతోషించాను.

అంతలో ఏప్రిల్ ఆఖరున అకాల వానలు పట్టుకున్నాయి. ఆ ఏడు తెలంగాణలో కల్లాల్లో వడ్లు తడిసి రైతులు ఏడ్చిన రోజులవి. మా ఊళ్లోనూ మా చిన్నాన్న వడ్లు కొనుగోలు కేంద్రంలో మొలకెత్తాయి. దాని ముందు మా బంకర్లు ఎంత? అయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. వడగండ్లకు పాలిథీన్ చిల్లులు పడింది, పది రోజులు మబ్బు. చిల్లుల్లోంచి గాలి తగిలినచోట గరిక మళ్లీ పచ్చ వేసింది. ప్రతి చిల్లుకూ పారదర్శకమైన టేపు అంటించాం, మరీ చిరిగినచోట కొత్త షీటు వేశాం. మే రెండో వారం నుంచి ఎండ మళ్లీ ముదిరింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోహిణి కార్తె కోసం నేను చూసినంతగా ఆ ఏడు ఎవరూ చూసి ఉండరు.

పైకి ఎండినట్టు కనిపించినంత మాత్రాన నమ్మదలచుకోలేదు. మే 20 ప్రాంతంలో ఒక్కో బంకరులో నాలుగు చోట్ల నుంచి దుంపవేళ్లు తవ్వి తీసి, ట్రేలలో తడి ఇసుకలో నాటి నీడలో పెట్టాం. ఏ ట్రే ఏ చోటిదో రాసి అంటించాం. పది రోజుల్లో నాలుగు బంకర్ల ట్రేలలో ఒక్క మొలకా రాలేదు. పదకొండో హోల్ దగ్గరిదానిలో మాత్రం ఒక మూల ముక్కలు మొలిచాయి. ఆ మూల మీద మధ్యాహ్నం మూడు దాటాక వేపచెట్టు నీడ పడుతుంది. అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. ఆ మూల చాపలు తీసేసి, ఎండ బాగా తగిలిన వేరే చోట ఆరబెట్టి చంపిన చాపలు తెచ్చి వేశాం. ఈ ట్రేల పరీక్ష చెయ్యకుండా ఎవరూ ఇసుక పొయ్యవద్దని నా మనవి. రెండు వారాల ఓపికతో మొత్తం కష్టం నిలుస్తుంది.

ఇసుక విషయం కూడా క్లుప్తంగా చెబుతాను. రేణువుల్లో ఎక్కువ భాగం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. గుండ్రటి రేణువులైతే వాలు మీద జారతాయి, పైనుంచి పడ్డ బంతి సగం కూరుకుపోతుంది. కోణాలున్న రేణువులు ఒకదాన్నొకటి పట్టుకొని నిలుస్తాయి. మేం కడిగిన రాతి ఇసుకను జల్లెడ పరీక్ష చేయించి తీసుకున్నాం. వాలు మీద మూడు అంగుళాలు పోసి, తడిపి, పలకతో నొక్కాం. ఆ ఏడు రుతుపవనాలు కూడా ఆలస్యంగా వచ్చాయి, మృగశిర కార్తె దాటినా వాన లేదు. ఆ ఆలస్యం మాకు కలిసొచ్చింది, ఇసుక సర్దుకోవడానికి టైం దొరికింది.

జులై చివరి వారంలో తెలంగాణ అంతా వరుసగా వానలు. మొదటి పెద్ద వాన రాత్రి నాకు నిద్ర లేదు, ఎప్పటిలాగే. ఐదింటికే టార్చి పట్టుకొని వెళ్లాను. ముందు గడ్డి వెయ్యని ఆరో హోల్ బంకరు చూశాను, గోడ మొత్తం బోడి, అడుగున ఎర్రనీళ్లు. అక్కడినుంచి ఏడో హోల్‌కి నడుస్తుంటే కాళ్లు తడబడ్డాయి. టార్చి వేశాను. ఇసుక గోడ మీదే ఉంది. అడుగున రెండు చోట్ల చిన్న గుంటలు పడ్డాయి, అంతే. నీళ్లు లేవు. వంగి గుప్పెడు ఇసుక తీసి టార్చి వెలుగులో చూస్తే తెల్లగానే ఉంది. అలాగే కూర్చుండిపోయాను. కాసేపటికి అక్క వాళ్లు పారలతో వచ్చారు. ఆమె బంకరు వైపు, నా వైపు చూసి, పార పక్కన పెట్టేసి రేక్ తీసుకుంది. అరగంటలో ఒక్కతే దాన్ని సరిచేసింది.

తర్వాత ఇబ్బందులు రాలేదని కాదు. మొదటి చలికాలంలో పదకొండో హోల్ బంకరు పైఅంచున చెదపురుగుల మట్టి గూళ్లు కనిపించాయి. ఎండిన పీచు వాటికి విందు భోజనం. తవ్వుకుంటూ పోతే పక్కనే నేలలో కుళ్లిన చింత మొద్దు ఒకటి ఉంది, పుట్ట అక్కడిది. మొద్దును వేళ్లతో సహా తీయించి, తిన్నచోట రెండు గజాల మేర చాప మార్చాం. మన ఎర్రనేలల్లో ఈ పని చేసేవాళ్లు చుట్టుపక్కల మొద్దులు ముందే తీయించుకోవడం మంచిది. రెండోది అంచు గరిక. కింద చచ్చినది లేవదు గానీ, పైఅంచున బతికున్న గడ్డి తీగలు సాగించి ఇసుకలోకి దిగుతుంది. వానాకాలంలో పదిహేను రోజులకోసారి అంచు కోయాల్సిందే. కోయడం ఒక్క నెల మానేశాం, ఆ ఒక్క నెలలో తీగలు రెండడుగులు లోపలికి వచ్చేశాయి.

మూడు వానాకాలాలు గడిచాక, 2025 నవంబరులో, ఏడో హోల్ బంకరులో నాలుగు చోట్ల ఇసుక పక్కకు తీసి చూశాను. అడుగున ఎప్పుడూ తడి ఉండే చోట పీచు నల్లబడి, చేతివేళ్ల మధ్య నలిపితే పొడి అవుతోంది. వాలు మీద మాత్రం ఇంకా చాపలాగే ఉంది, లాగితే సాగి తెగుతోంది. వెదురు మేకులు పేరుకి మిగిలాయి. ఇసుకకీ మొరానికీ మధ్య గీత కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంది. అడుగు భాగంలో ఇంకో ఏడాది, రెండేళ్లకు మళ్లీ పరచాల్సి వస్తుందని నా అంచనా. గోడలకు ఇంకొంత కాలం పట్టవచ్చు. శాశ్వతమైన అస్తరు కాదిది. తవ్వి తీసినప్పుడు లారీలకెత్తి పారబోయాల్సిన ప్లాస్టిక్ కూడా ఏమీ లేదు. ఉన్న మనుషులతో, ఉన్న గడ్డితో, ఉన్న ఎండతో మళ్లీ చేసుకోగలం, నాకు అది చాలు.

ఇప్పటికి పద్నాలుగు బంకర్లు అయ్యాయి. ప్రాక్టీసు టీ గడ్డి ఎప్పుడో అయిపోయింది. అందుకే పన్నెండో హోల్ వెనక రెండు గుంటల స్థలంలో అడుగున పాలిథీన్ పరిచి, పైన ఇసుక పోసి, గరిక మడి వేశాం. మిగతా కోర్సులో గరిక కనిపిస్తే కత్తిరించేవాళ్లం, ఇక్కడ మాత్రం ఎత్తుగా వదిలి, పీచు పట్టడం కోసం చూస్తున్నాం. పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టేది అక్కే. మొన్న వినాయక చవితికి పత్రి కోసం ఎవరో నాలుగు పోచలు కోస్తుంటే, "అది బంకరుకు పెట్టింది, అటు పోయి గట్టు మీద కోసుకోండ్రి" అని పంపించేసింది.